జింక్ ముక్కకి నూటపదహారు శాతం ప్యూరిటీ ఎట్లా వచ్చింది

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అన్నయ్య కొడుకు ఉప్పల్ నుంచి బస్సెక్కి మా ఇంటికొచ్చాడు, చేతిలో కెమిస్ట్రీ రికార్డ్. కూర్చోకముందే "బాబాయ్, ఇదేందో చూడు, ప్యూరిటీ నూటపదహారు వచ్చింది" అన్నాడు. నూటపదహార్లు పెళ్లి కవర్లో పెట్టే నంబర్ గానీ లోహానికి పెట్టే నంబర్ కాదు కదరా అని నవ్వాను, వాడికి మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే వాళ్ల బ్యాచ్‌లో అందరికీ వంద పైనే వచ్చిందట, మిగతావాళ్లు చివర్లో గ్యాస్ వాల్యూమ్‌ని తగ్గించి రాసుకుని తొంభైల్లోకి దించేసుకున్నారట. వీడొక్కడే ఉన్నది ఉన్నట్టు రాసి ఇరుక్కున్నాడు.

వాడు రాసుకున్నది ఇది. అశుద్ధమైన జింక్ 0.200 గ్రాములు, డైల్యూట్ హెచ్‌సీఎల్‌లో (నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో) వేశారు, బుడగలు వచ్చాయి, ఆ హైడ్రోజన్‌ని నీళ్ల మీదుగా కొలజాడీలోకి పట్టారు, 80.0 ఎంఎల్ వచ్చింది. గది టెంపరేచర్ 30 డిగ్రీలు. లెక్క కూడా పద్ధతిగానే వేశాడు పాపం: 80 ఎంఎల్‌ని 22,400తో భాగిస్తే 0.00357 మోల్స్ హైడ్రోజన్, ఒక జింక్‌కి ఒక హైడ్రోజన్ కాబట్టి జింక్ కూడా అన్నే మోల్స్, దాన్ని 65.38తో గుణిస్తే 0.2335 గ్రాములు. వేసిందేమో 0.200 గ్రాములు, అందులోంచి 0.2335 గ్రాముల జింక్ బయటకొచ్చింది. 116.7 శాతం.

తప్పెక్కడుందో చూసేముందు అసలు ఈ లెక్క ఏం చేస్తుందో ఒకసారి చూద్దాం, పుస్తకంలో మోల్ కాన్సెప్ట్ చాప్టర్ చదివి పాసైనవాళ్లలో కూడా చాలామందికి ఇక్కడే మసకగా ఉంటుంది.

మన దగ్గర ఫంక్షన్ హాల్లో పెళ్లయితే కేటరింగ్ అతను మనుషుల్ని లెక్కపెట్టడు, ప్లేట్లు లెక్కపెడతాడు. ఎనిమిది వందల ప్లేట్లు తెచ్చాం, నూటపది మిగిలాయి, ఆరువందల తొంభై లేచాయి, బిల్లు ఇంత. ఒక మనిషికి ఒక ప్లేటు అనే నమ్మకం మీద నడుస్తుంది ఆ లెక్కంతా. స్టాయికియోమెట్రీ అంటే అంతే, మనకి కనపడని దాన్ని (జింక్ పరమాణువుల్ని) వదిలేసి, కనపడి కొలవడానికి వీలయ్యేదాన్ని (హైడ్రోజన్‌ని) లెక్కపెట్టి, ఇద్దరి మధ్య రేషియో తెలుసు కాబట్టి వెనక్కి నడవడం. జింక్ ఒకటి, హెచ్‌సీఎల్ రెండు కలిస్తే జింక్ క్లోరైడ్ ఒకటి, హైడ్రోజన్ ఒకటి. అణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కాబట్టి మోల్ అనే పెద్ద మూటలుగా లెక్కపెడతాం, మూట బరువు జింక్‌కి 65.38 గ్రాములు.

కాబట్టి రెండు చోట్లే తప్పు జరగాలి. ప్లేట్లు సరిగ్గా లెక్కపెట్టకపోవడం ఒకటి, ప్లేటు తీసుకున్న ప్రతివాడూ మన చుట్టమే అనుకోవడం రెండోది. మావాడిది మొదటి రకం, కానీ నాకు అసలు భయం రెండోదంటేనే, అది తర్వాత చెప్తాను.

22.4 లీటర్లు అనే నంబర్ మన పిల్లల బుర్రలో ఫోన్ నంబర్‌లా అచ్చు పడిపోయింది. ఒక మోల్ గ్యాస్ అంటే 22.4, అంతే, ఎక్కడైనా, ఎప్పుడైనా. అది సున్నా డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ ప్రెషర్ దగ్గర మాటరా నాయనా, హైదరాబాద్‌లో సున్నా డిగ్రీలు ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడ చూశావు అంటే అప్పుడు గుర్తొచ్చింది వాడికి. (ఎస్‌టీపీ, అంటే గ్యాస్ లెక్కలకి పెట్టుకున్న స్టాండర్డ్ టెంపరేచర్, ప్రెషర్, వాటి నిర్వచనం కూడా మారింది, అంతర్జాతీయ కెమిస్ట్రీ సంఘం ఐయూపీఏసీ 1982లో ప్రెషర్‌ని ఒక బార్‌కి మార్చింది, దాంతో మోల్ వాల్యూమ్ 22.7 అవుతుంది, పరీక్షలో ఏది ఇస్తే అది వాడుకోవడమే, వాదన పెట్టుకోకండి.) 30 డిగ్రీలకి గ్యాస్ వ్యాకోచిస్తుంది, 22.4ని 303తో గుణించి 273తో భాగిస్తే ఒక మోల్‌కి దాదాపు 24.9 లీటర్లు. ఈ ఒక్క సవరణ చేస్తే ప్యూరిటీ 116.7 నుంచి 105.1కి దిగింది. వాడి మొహం కొంచెం వెలిగింది, ఇంకా వంద పైనే ఉంది గానీ.

తర్వాతది మన ఊరి సంగతి. వానాకాలంలో హుస్సేన్ సాగర్ నిండిందని న్యూస్ వచ్చినప్పుడల్లా ఫుల్ ట్యాంక్ లెవెల్ 513.41 మీటర్లు అని చెప్తుంటారు గదా, అది చెరువు లోతు కాదు, సముద్రమట్టం నుంచి ఎత్తు. అంటే ట్యాంక్‌బండ్ మీద నిలబడి గాలి పీల్చేవాడు కూడా సముద్రం కంటే అరకిలోమీటర్ పైనే ఉన్నాడు. ఎత్తు పెరిగితే మన నెత్తిమీద గాలి తగ్గుతుంది, ప్రెషర్ తగ్గుతుంది, అదే హైడ్రోజన్ ఇక్కడ విశాఖ కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. విశాఖ బీచ్ పక్కన ల్యాబ్‌లో 760 మిల్లీమీటర్ల పాదరసం వేసుకుంటే పెద్దగా పోయేదేం లేదు, మన దగ్గర వేసుకుంటే ఆరు శాతం పోయినట్టే.

ఇక్కడో ఉచ్చు ఉంది, నేనూ పడబోయాను. ప్రెషర్ ఎంతో చూద్దామని ఫోన్‌లో వెదర్ యాప్ తెరిస్తే 1010 హెక్టోపాస్కల్స్ అని చూపించింది. వాతావరణం వాళ్లు ఊరూరి ప్రెషర్లని పోల్చుకోవాలి కాబట్టి ప్రతి ఊరి రీడింగ్‌నీ సముద్రమట్టానికి మార్చి చెప్తారు, అది మన గదిలో ఉన్న ప్రెషర్ కాదు. నా ఫోన్‌లో బారోమీటర్ సెన్సార్ ఉంది, దాన్ని నేరుగా చదివే యాప్ వేసి చూస్తే 949 వచ్చింది, అంటే దాదాపు 712 మిల్లీమీటర్ల పాదరసం. వాడు ప్రయోగం చేసింది ఆరోజు కాదు, నిజమే, కానీ మన సిటీలో రోజుకీ రోజుకీ తేడా నాలుగైదు మిల్లీమీటర్లు మించడం అరుదు, ఆ మాత్రం సర్దుకోవచ్చు. 712 పెట్టి లెక్కేస్తే 98.5 శాతం.

అప్పుడు వాడు పెన్ను మూత పెట్టేశాడు. వంద లోపలికి వచ్చేసింది గదా, ఇంకేం కావాలి! నాకు ఈ అలవాటు మీదే కోపం, తప్పు లెక్క వంద దాటితే అందరూ వెతుకుతారు, తప్పు లెక్క వందకి లోపల పడితే ఎవడూ తిరిగి చూడడు, మనకి నచ్చిన జవాబు రాగానే వెతకడం ఆపేస్తాం. హైడ్రోజన్‌ని నీళ్ల మీదుగా పట్టారు కాబట్టి ఆ జాడీలో హైడ్రోజన్‌తోపాటు నీటి ఆవిరి కూడా ఉంది. 30 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనం దాదాపు 32 మిల్లీమీటర్లు. 712లో 32 నీళ్లది, 680 మాత్రమే హైడ్రోజన్‌ది. ఆ లెక్క వేస్తే 94.1 శాతం.

ఒకే 80 ఎంఎల్ చూడండి, 116.7, 105.1, 98.5, 94.1. రియాక్షన్ అదే, రేషియో అదే, మారిందల్లా గ్యాస్‌ని మోల్స్‌గా మార్చుకున్న తీరు. ఆ వెదర్ యాప్ 1010ని నమ్మి ఆవిరి కూడా తీసేసి ఉంటే 100.4 వచ్చేది, "ప్యూర్ జింక్, చిన్న ఎర్రర్" అని టిక్ పెట్టేసేవాళ్లు కూడా, అదీ ప్రమాదం. ఇంకో చిన్న సంగతి, జాడీ లోపలి నీటి మట్టం, బయట తొట్టెలో మట్టం సమానంగా తెచ్చాకే రీడింగ్ తీయాలి, 13.6 సెంటీమీటర్ల నీళ్లు ఒక సెంటీమీటర్ పాదరసంతో సమానం కాబట్టి లోపల మట్టం జానెడు పైకి ఉంటే పది మిల్లీమీటర్ల పైనే తేడా కొడుతుంది.

సరే, 94.1లో ఆ చివరి ఒకటిని నమ్మొచ్చా? మీ త్రాసు ఎన్ని దశాంశాలు చూపిస్తుందిరా అనడిగితే రెండే అన్నాడు, 0.20 అని చూపిస్తే వీడు సొంతంగా ఇంకో సున్నా తగిలించాడు. అంటే అసలు బరువు 0.195 నుంచి 0.205 దాకా ఏదైనా కావచ్చు, అప్పుడు ప్యూరిటీ 96.5 నుంచి 91.8 మధ్యలో ఎక్కడో. మనం చెప్పగలిగింది "94 చుట్టుపక్కల" అంతే. బంగారం షాపులో మిల్లీగ్రాముల దాకా చూపించే త్రాసు ఉంటుంది, వీళ్ల కాలేజీ ల్యాబ్‌లో ఉండదు, ఎందుకో మీరే ఆలోచించుకోండి.

ఇక రెండో రకం తప్పు, ప్లేటు తీసుకున్నవాడల్లా చుట్టమేనా అనేది. ఫంక్షన్ హాల్లో బ్యాండ్ మేళం వాళ్లు తింటారు, డ్రైవర్లు తింటారు, పక్క హాల్లో పెళ్లికి వచ్చినవాడు దారితప్పి ఇక్కడ తింటాడు, ప్లేట్ల లెక్కలో అందరూ ఒకటే. జింక్‌లో ఇనుము ఉంటే అది కూడా యాసిడ్‌తో హైడ్రోజన్ ఇస్తుంది, పైగా దాని మూట బరువు 55.85 కాబట్టి ఒక గ్రాము ఇనుము 1.17 గ్రాముల జింక్ లాగా లెక్కలోకొస్తుంది. మెగ్నీషియం ఉంటే ఒక గ్రాము 2.7 గ్రాములంత. అల్యూమినియం అయితే మరీ అన్యాయం, మనిషి బక్కగా ఉంటాడు, ప్లేట్లు మాత్రం ఎక్కువ లేపుతాడు, 27 గ్రాములకే ఒకటిన్నర మోల్ హైడ్రోజన్, అంటే ఒక గ్రాము అల్యూమినియం 3.6 గ్రాముల జింక్ వేషం వేస్తుంది. శాంపిల్‌లో ఓ రెండు శాతం అల్యూమినియం ఉంటే చాలు, మన ప్యూరిటీ లెక్క ఐదు శాతం పైగా ఉబ్బిపోతుంది. రాగి, సీసం లాంటివి మాత్రం పెళ్లికొచ్చి తినకుండా వెళ్లిపోయేవాళ్లు, డైల్యూట్ హెచ్‌సీఎల్‌లో రాగి కదలదు, సీసం కదలనట్టే లెక్క, వాటివల్ల సమస్య లేదు, అవి ఉన్నంత మేర ప్యూరిటీ నిజాయితీగా తగ్గుతుంది.

అందుకే "హైడ్రోజన్ పద్ధతిలో 94 శాతం" అనే మాటకి అసలు అర్థం, యాసిడ్‌తో హైడ్రోజన్ ఇచ్చే సరుకుని మొత్తం జింక్ అనుకుంటే 94 శాతం అని. శాంపిల్‌లో ఉన్న చెత్త ఏ రకందో ముందే తెలిస్తే ఈ జవాబు పనికొస్తుంది, తెలియకపోతే ఇది సగం జవాబే. పరీక్ష పేపర్లో "ఇనర్ట్ ఇంప్యూరిటీస్" (యాసిడ్‌తో కదలని చెత్త) అని ఒక మాట ఉంటుంది చూడండి, పిల్లలు దాన్ని దాటేసి చదువుతారు, ఆ ఒక్క మాట మీదే ప్రశ్న మొత్తం నిలబడి ఉంటుంది.

వంటవైపు నుంచి లెక్కపెడితే? అదీ చేస్తారు, ఎక్కువ యాసిడ్ కొలిచి పోసి, లోహం కరిగాక మిగిలిన యాసిడ్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే (రంగు మారేదాకా కొంచెం కొంచెంగా పోసి కొలిస్తే) ఎంత ఖర్చయిందో తెలుస్తుంది, బ్యాక్ టైట్రేషన్. కానీ జింక్ ముక్క పాతదైతే పైన బూజు పట్టినట్టు ఆక్సైడ్ పొర ఉంటుంది, ఆ జింక్ ఆక్సైడ్ యాసిడ్‌ని తాగేస్తుంది గానీ హైడ్రోజన్ ఇవ్వదు, నీళ్లిస్తుంది, అంటే ప్లేటు తీసుకోకుండా వంటింట్లోంచే పార్సిల్ కట్టించుకుపోయినవాడన్నమాట. రెండు పద్ధతులూ చేసి, యాసిడ్ లెక్కలో ఎక్కువ, హైడ్రోజన్ లెక్కలో తక్కువ వస్తే గ్యాస్ ఎక్కడా లీక్ కాలేదని ఖాయం చేసుకుని ఆక్సైడ్‌ని అనుమానించొచ్చు, రెండు తప్పు పద్ధతులు కలిస్తే ఒక మంచి సమాచారం వస్తుంది, నాకైతే కెమిస్ట్రీలో ఇది భలే నచ్చుతుంది. ఇక్కడ రంగు మారి ఆగమని చెప్పే ఇండికేటర్‌గా ఫినాఫ్తలీన్ మాత్రం వాడకండి, అది రంగు మారేలోపే జింక్ హైడ్రాక్సైడ్ తెల్లగా పడటం మొదలై అదనంగా సోడియం హైడ్రాక్సైడ్‌ని తినేస్తుంది, మిథైల్ ఆరెంజ్ ముందే మారుతుంది కాబట్టి అదే సేఫ్.

రేషియో ఒకటికి ఒకటి కాని చోట పిల్లలు ఇంకో గుంటలో పడతారు. ఇనుము తీసుకోండి, 0.280 గ్రాముల ఇనుప తీగని డైల్యూట్ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించి (హెచ్‌సీఎల్‌లో కాదు, క్లోరైడ్‌ని కూడా పర్మాంగనేట్ తినేస్తుంది) 0.02 మోలార్ (లీటరుకి 0.02 మోల్స్) పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేస్తే 48.0 ఎంఎల్ పట్టిందనుకుందాం. పర్మాంగనేట్ 0.00096 మోల్స్, ఒక్కో పర్మాంగనేట్ ఐదు ఫెర్రస్‌లని (యాసిడ్‌లో కరిగాక ఇనుము ఉండే రూపం) పట్టుకుపోతుంది కాబట్టి ఇనుము 0.0048 మోల్స్, 0.268 గ్రాములు, 95.7 శాతం. ఆ ఐదు మర్చిపోతే 19 శాతం వస్తుంది, తీగ పట్టుకుని చూసినవాడెవడూ అది నమ్మడు, అయినా రాసేస్తారు. తీగకి తుప్పుంటే ఆ ఫెర్రిక్ ఇనుము పర్మాంగనేట్‌కి కనపడదు, ముందు దాన్ని ఫెర్రస్‌గా మార్చుకోవాలి.

మాటల్లో మాటగా మావాడు మా అమ్మ పెట్టెలో ఉన్న నిజాం రూపాయి సంగతి ఎత్తాడు, దాని ప్యూరిటీ కూడా ఇట్లాగే తీయొచ్చా అని. తీయొచ్చు గానీ నాయనమ్మ చంపేస్తుంది. వెండికి పద్ధతి ఇంకా శుభ్రంగా ఉంటుంది, నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి ఉప్పునీళ్లు పోస్తే వెండి మొత్తం సిల్వర్ క్లోరైడ్‌గా పెరుగులా విరిగి అడుక్కి దిగుతుంది, నాణెంలో కలిపిన రాగి ద్రావణంలోనే నీలంగా ఉండిపోతుంది. వడగట్టి, కడిగి, ఆరబెట్టి తూచడమే. ఆ క్లోరైడ్ బరువులో 75.27 శాతం వెండి, 107.87ని 143.32తో భాగిస్తే వచ్చేది అదే. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ హాలి రూపాయి బరువు 11.178 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే దాన్ని రాకిన పొడి 0.500 గ్రాములు తీసుకుంటే 0.543 గ్రాముల క్లోరైడ్ దిగాలి. గ్యాస్ లేదు, ప్రెషర్ లేదు, హుస్సేన్ సాగర్ ఎత్తుతో పని లేదు.

ఇక్కడ నేను కాగితం మీద ఒక లెక్క వేసి చూపిస్తే వాడు నోరు తెరిచాడు. బ్రిటిష్ వాళ్ల కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి. మారకం రేటు ఏడు హాలి రూపాయలకి ఆరు కల్దార్. ఏడు హాలిల్లో వెండి ఎంత? ఒక్కోదాంట్లో 9.14 చొప్పున 64.0 గ్రాములు. ఆరు కల్దార్లలో? 10.69 చొప్పున 64.2 గ్రాములు. మా తాతల కాలంలో సంతలో నోటి లెక్కగా చెప్పుకున్న ఏడుకి ఆరు వెనకాల ఈ ప్యూరిటీ లెక్కే కూర్చుని ఉంది.

బంగారం గురించి కూడా అడిగాడు, చార్‌కమాన్ దగ్గర సరాఫ్ షాపుల్లో ఇట్లానే చేస్తారా అని. చెయ్యరు, బంగారం ఈ యాసిడ్లకి లొంగదు, ఫైర్ ఎస్సే అనే కొలిమి పరీక్షలో సీసంతో కరిగించి చెత్తని పీల్చేయించి, వెండిని నైట్రిక్‌లో కరిగించి తీసేస్తే మిగిలిన బంగారాన్నే నేరుగా తూస్తారు. 916 అంటే వెయ్యికి 916 పాళ్లు, రియాక్షన్ రేషియోలతో పని లేదు, మనిషినే తీసుకొచ్చి త్రాసులో కూర్చోబెట్టినట్టు. షాపు కౌంటర్ మీద ఎక్స్‌రే మెషీన్ ఉంటే అదింకో కథ.

ప్లేట్ల లెక్క పూర్తిగా చేతులెత్తేసే చోటు కూడా మన ఊళ్లోనే ఉంది. ఈసీఐఎల్ దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో రియాక్టర్ల కోసం జిర్కోనియం గొట్టాలు చేస్తారు. ఇసుకలోంచి తీసిన జిర్కోనియంతో పాటు హాఫ్నియం అనే ఇంకో లోహం దాదాపు రెండు శాతం వెంటే వస్తుంది, కెమికల్‌గా ఇద్దరూ కవలలు, జిర్కోనియం ఏ రియాక్షన్ చేస్తే హాఫ్నియం కూడా అదే చేస్తుంది, అదే రేషియోలో. పేచీ ఏంటంటే జిర్కోనియం న్యూట్రాన్లని దాదాపు అడ్డుకోకుండా పోనిస్తుంది, హాఫ్నియం ఐదొందల రెట్లకు పైగా మింగేస్తుంది, అందుకని దాన్ని పది లక్షల్లో వంద పాళ్ల లోపలికి దించాలి. ఇప్పుడు 98 శాతం జిర్కోనియం, రెండు శాతం హాఫ్నియం ఉన్న ముక్కని ఆక్సైడ్‌గా మార్చి తూచి మన పద్ధతిలో లెక్కేస్తే ఎంత వస్తుందో తెలుసా, 99.75. ఎవడైనా భుజం తట్టే నంబర్, గొట్టం మాత్రం రియాక్టర్‌కి పనికిరాదు. అలాంటి చోట ఏ లోహం ఎంతుందో విడివిడిగా చెప్పే స్పెక్ట్రోమీటర్లే దిక్కు.

అంతా విని మావాడు "అయితే రికార్డ్‌లో ఏం రాయాలి బాబాయ్" అన్నాడు. 94 రాయి, ప్రెషర్ ఎక్కడ నుంచి తెచ్చావో రాయి, కింద "హైడ్రోజన్ ఇచ్చే లోహాలన్నీ జింక్‌గా లెక్కిస్తే" అని ఒక లైన్ కలుపు అన్నాను. ఆ లైన్ మాత్రం పెన్సిల్‌తో రాసుకున్నాడు, మార్కులు పడ్డాక పెన్నుతో దిద్దుతాడట.